అడుగు కాయ

"తొయ్యరా! ఎటో ఒకవైపు తొయ్యి!" మస్తాన్‌బీ కొంగు నడుముకి బిగించి అరిచింది. "పెళ్ళివాళ్ళు ఆటో ఎక్కారంట, మీ నాన్న ఫోన్ చేశాడు. ఈ దిక్కుమాలిన బండిని చూసే కదరా నల్లపాడు సంబంధం పోయింది!"

ముదస్సిర్ బండి మీద చెయ్యి వేసి నిలబడ్డాడు గానీ తొయ్యలేదు. మోపెడ్ చక్రాలు, పాత ఇనుప మంచం చట్రం, ఇరుసుకి కొట్టు షట్టరు స్ప్రింగు. వెనక్కి లాగితే స్ప్రింగు బిగుసుకుంటుంది, లివరు లాగితే ముందుకు పరుగెడుతుంది. పెట్రోలుతో పనిలేకుండా గుంటూరు దాకా పోతుందని అతని నమ్మకం. ఇంతవరకూ పోయింది మాత్రం గోడ దాకానే.

"ఇప్పుడు కదిలించకూడదమ్మా. పొద్దున్నే ఫుల్లుగా బిగించాను. లివరు ఊడిందంటే నా చేతిలో కూడా ఆగదు."

"యా అల్లా!" అంది మస్తాన్‌బీ. ఆమె భయాలకి ఒక వరస ఉంది. ముందు కొడుక్కి కన్ను పోతుంది, తర్వాత కాలు పోతుంది, ఆ తర్వాత పోలీసులు వస్తారు. ఇవాళ మాత్రం వాటన్నిటినీ తోసుకుని సంబంధం ముందుకొచ్చింది. ఇది కూడా తప్పిపోతే వీడు ఆ మంచం చట్రాన్నే నిఖా చేసుకుని కూర్చుంటాడు.

చుట్టూ చూసింది. కల్లం నిండా ఎండు మిరపకాయలు.

"పట్టా తేరా!"

బండి మీద పట్టా కప్పి, తల్లీ కొడుకూ గంపలతో కాయ ఎత్తి పోశారు. తుమ్ముతూ, దగ్గుతూ, మళ్ళీ పోశారు. పెళ్ళివాళ్ళు గేటు దగ్గరికి వచ్చేసరికి కల్లం మధ్యలో ఎర్రగా, నున్నగా కొత్త రాశి ఒకటి లేచింది.

ముందు భర్త నన్నే సాహెబ్, వెనక పిల్ల తండ్రి అబ్దుల్ ఖాదర్, ఆయన భార్య నస్రత్ లోపలికి వచ్చారు. సింగరాయకొండ నుంచి పొద్దున్నే బయల్దేరారట. అబ్దుల్ ఖాదర్ నుదుటికి ఇంత లావున కట్టు ఉంది.

"అయ్యో, ఏంటన్నయ్యగారూ ఆ కట్టు?"

"ద్వారబంధం తగిలిందిలే చెల్లెమ్మా," అన్నాడాయన. నస్రత్ చీర కుచ్చిళ్ళు సర్దుకోవడంలో పడింది.

మస్తాన్‌బీ మనసు కీడు శంకించింది. సొంతింటి గుమ్మం తనే గుద్దుకునే మనిషా? తాగుతాడా? చూపు ఆనదా? పిల్లకీ అదే చూపు వచ్చిందేమో?

"మా సమీరాకి కుట్టు మిషను తప్ప వేరే లోకం తెలీదొదినా," అంది నస్రత్, టీ గ్లాసు అందుకుంటూ.

"మావాడూ అంతే. ఇనుము ముట్టుకుంటే చేతులు పాడవుతాయంటాడు," అంది మస్తాన్‌బీ. ముదస్సిర్ గ్రీజు గోళ్ళని గుప్పిట్లో దాచుకున్నాడు.

అంతా సవ్యంగానే సాగేది. కానీ అబ్దుల్ ఖాదర్ మిరపకాయ, పొగాకు కొని అమ్మడంలో జుట్టు నెరిసిన మనిషి. కళ్ళు పెళ్ళికొడుకు మీద కన్నా రాశి మీదే ఉన్నాయి.

"కాయ బాగా ఎండినట్టుందే?"

నన్నే సాహెబ్‌కి రాశి కింద ఏముందో తెలియదు. ఛాతీ పొంగింది. "గలగలలాడుద్ది బావగారూ! రండి, చూద్దురుగాని."

"ఎండలో ఎందుకండీ, సేమియా చల్లారిపోద్ది!" మస్తాన్‌బీ అడ్డం వెళ్ళింది.

"ఒక్క నిమిషం చెల్లెమ్మా." ఆయన పైన ఉన్న నాలుగు కాయలు తీసి పక్కన పడేశాడు. పైకాయ చూసి బేరం ఆడేది కొత్తవాళ్ళు. అసలు సంగతి అడుగున ఉంటుంది. చొక్కా చేతులు మడిచాడు.

"లోపల తేలుందండీ! పొద్దున్నే చూశాను!" అంది మస్తాన్‌బీ.

"మిరపకాయల్లో తేలేంటే?" నన్నే సాహెబ్ నవ్వాడు. "అడుగు నుంచే తీయండి బావగారూ. పైన ఒకటి, కింద ఒకటి ఉండే ఇల్లు కాదు మాది!"

అబ్దుల్ ఖాదర్ మోచేతి దాకా చెయ్యి దూర్చాడు. పట్టా అంచు తగిలింది, ఎత్తాడు. ఇంకా లోపలికి తడిమాడు. ఏదో గట్టిగా చేతికందింది. లాగాడు.

మిరప రాశి ఒక్కసారి లేచి పరుగందుకుంది.

బోర్లాపడ్డ అబ్దుల్ ఖాదర్‌ని మీద వేసుకుని, ఎర్రటి దుమ్ము లేపుకుంటూ, కోళ్ళని చెదరగొట్టుకుంటూ కల్లం అంతా దాటి, గోడకి చేరేసిన పత్తి మూటల్లోకి దూసుకెళ్ళి ఆగింది. దూదిలోంచి రెండు కాళ్ళు మాత్రం కనిపించాయి.

ముదస్సిర్ పరిగెత్తి ఆయన్ని బయటికి లాగాడు. దెబ్బేం తగల్లేదు. జుట్టు నిండా దూది, కళ్ళ నిండా మిరప ఘాటు, ఆగకుండా తుమ్ములు. మస్తాన్‌బీ ఏడుస్తూ వెళ్ళి చేతులు జోడించింది.

"సంబంధం వద్దంటే వద్దులే అన్నయ్యగారూ. పోలీసులకి మాత్రం చెప్పకండి!"

ఆయన వినిపించుకోలేదు. వంగి బండి కిందకి తొంగి చూస్తున్నాడు. "ఎవరు చేశారిది?"

"నేనేనండి," అన్నాడు ముదస్సిర్, తలవంచుకుని.

"షట్టరు స్ప్రింగేనా? ఇంత జోరులో తెగి ఎగరలేదే?"

"చుట్టూ పైపు తొడిగానండి. తెగినా అందులోనే ఉండిపోద్ది."

అబ్దుల్ ఖాదర్ ఆ పైపుని నిమిరి నిమిరి చూశాడు. భార్య వంక తిరిగాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల ఊపింది. ఆయన లేచి నిలబడి, ఆఖరి తుమ్ము తుమ్మి, నుదుటి కట్టు తడుముకున్నాడు.

"నన్ను కొట్టింది ద్వారబంధం కాదు చెల్లెమ్మా, మా సమీరా స్ప్రింగు. మీకు తెలిస్తే సంబంధం పోద్దని, దాని బండిని పొగాకు బేళ్ళ కింద దాచి మరీ వచ్చాం!"