తువ్వాలు కింద చెయ్యి

కంబన్న మోకాలు గుమ్మడికాయంత వాచింది.

కర్నూలు ఆసుపత్రిలో డాక్టరమ్మ నొక్కి చూసింది.

“గొర్రెల రక్తం తాగే గోమారి పురుగు నిన్ను కరిచినప్పుడు ఎక్కిన క్రిమి ఇది. మందులకు చచ్చిపోయింది.”

“సచ్చినాక ఇంకా వాపేంది మేడమ్?”

“దాని పెంకు తునకలు కీల్లో మిగిలాయి. ఒంట్లో కాపలా కాసే కణాలు వాటిని చూసి, శత్రువు బతికే ఉన్నాడని కొట్లాడుతున్నాయి. ఆ కొట్లాటే వాపు.”

“సచ్చినోని మీద గూడా కొట్లాటనా? అచ్చం మా ఊరోళ్లే!”

డాక్టరమ్మ నవ్వింది. “తునకలు కరిగిపోతాయి. ఓపిక పట్టు.”

కంబన్నకు ఓపిక లేదు. గొర్రెల వెనక నడవలేనివాడికి మంద ఎందుకు? ఆ వారమే భార్య భీమక్కతో పత్తికొండ సంతకు తోలించి, తాను ఆటోలో వెళ్లాడు.

ఎవరో బక్కపలచని మనిషి అందరికంటే ముందు వచ్చాడు.

“ఎందుకప్పా అమ్ముతాండావు?”

“మోకాలప్పా. పురుగు సచ్చిందంట, దాని తునకలతో కొట్లాటంట! ఇది తగ్గేదేనా?”

ఆ మనిషి మోకాలి వైపు చాలాసేపు చూశాడు. తర్వాత తువ్వాలు కప్పి కంబన్న చెయ్యి పట్టుకున్నాడు.

ఆ సంతలో ధర నోటితో చెప్పరు. తువ్వాలు కింద వేళ్లు నొక్కి చెబుతారు. ఆ బేరం తేలేదాకా ఇంకొకరు అడగరు.

వేళ్ల లెక్కకు కంబన్న ఎగిరిపడ్డాడు.

“ఏమప్పా, గొర్రెలడిగినావా, కోళ్లడిగినావా?”

“ఉండప్పా, ఇంకోసారి చూస్తాం.”

అతను చెయ్యి వదల్లేదు. చూస్తూ చూస్తూ పొద్దు వాలింది. సంత చెదిరింది. మంద ఇంటికే వచ్చింది.

మరుసటి వారమూ అతనే. అదే తువ్వాలు, అవే పిసినారి వేళ్లు.

“నా చెయ్యన్నా ఎప్పుడైనా ఇంతసేపు పట్టుకున్యావా నువ్వు?” అని భీమక్క ఎత్తిపొడిచింది.

ఆ పై వారాలూ అంతే. మంద పోవడం, మంద రావడం.

తొలి వానలకు వాపు దిగింది. కంబన్న మోకాలు మడిచి గొంతుక్కూర్చున్నాడు. లేచి ఇంకోసారి కూర్చున్నాడు.

ఆ పిసినారిని ఆటపట్టించాలని సంతకు నడిచే వెళ్లాడు. అతను కనబడలేదు. సంత దళారి మద్దిలేటిని అడిగాడు.

“ఆ వేళ్ల పిసినారి యాడప్పా?”

“లాజరా? మొన్ననే బెంగుళూరికి కూలికి పోయినాడు.”

“కూలికా? దళారి గదా!”

“యాడ దళారి! గొర్రెలోడే. పోయినేడు నీ మాదిరే మోకాలు వాసి, ఇంక నడవలేనని భయపడి మందంతా తెగనమ్ముకున్యాడు. అమ్మిన నెలకే వాపు దిగిపాయ.”