గొడ్ల తొట్టి

"తొట్టి యాడ కడతారు సార్?"

గొట్టాలు బిగించే సమాధానం పొద్దుటినుంచి ఈ మాట అడుగుతూనే ఉన్నాడు. ఓవర్సీరు విజయభాస్కర్ నవ్వాడు.

"చెప్తాలేవయ్యా. ముందు గొట్టాలు కలుపు."

విజయభాస్కర్ నెల్లూరు నుంచి బ్లాకు ఆఫీసుకు కొత్తగా వచ్చినవాడు. ఊరి పశువులు మేసే బీట్లో నీళ్ళ గొట్టం వేయించడం అతనికి అప్పగించిన మొదటి పని.

సముద్రాన్ని ఆనుకొని ఉన్న బీడది. మేతకు లోటు లేదు. నీళ్ళే లేవు. ఎక్కడ తవ్వినా ఉప్పు. తియ్యటి నీళ్ళున్నది ఊరివైపు ఇసుక దిబ్బ మీద, ఊరి బావిలోనే. పంచాయతీ సమితి వాళ్ళు దానికి ఆయిలింజను బిగించి, పక్కనే సిమెంటు ట్యాంకు కట్టించారు. ట్యాంకు నుంచి పల్లానికి ఇనప గొట్టాలు వేస్తే నీళ్ళు వాటంతటవే బీట్లోకి దిగుతాయి.

సమాధానం బిట్రగుంట రైలింజన్ల షెడ్డులో గొట్టాల పని నేర్చినవాడు. ఊళ్ళో ఈ పని మొదలవుతుందని తెలియగానే సెలవు పెట్టి వచ్చేశాడు. వచ్చినప్పటినుంచి మనిషికి కుదురు లేదు. అన్నం ముందు కూర్చుంటే సగంలో లేచిపోతాడు.

"మన మూలదాకా వస్తాదంటావా?" అని అడిగేది భార్య ఎలిశబెతు.

వస్తాదని చెప్పే ధైర్యం చాలక, పానా భుజాన వేసుకొని బయల్దేరేవాడు.

బావిలోకి గొట్టం దించే పని ఊళ్ళోని వెంకయ్య చేశాడు. సమాధానం గట్టు దిగువన నిలబడి ఎట్లా బిగించాలో కేకవేసి చెప్పాడు. దిబ్బ దిగాక పనంతా అతనిదే. గొట్టం చివరి మరకు జనపనార చుట్టి, రంగు పూసి, పానాతో బిగించుకుంటూ ఎండలో ముందుకు జరిగాడు. బిగించినదాన్నే మళ్ళీ వెనక్కి వెళ్ళి తడిమి చూసేవాడు.

"ఎందుకయ్యా నీకింత ఆత్రం?" అన్నాడు ఓవర్సీరు.

సమాధానం తల ఎత్తలేదు.

"పోయిన ఎండల్లో మాది చిన్నది పోయింది సార్. గుంటలో నీళ్ళు తాగి, బేదులు పట్టి."

"అయ్యో. లేతదూడలు ఆ నీళ్ళకు తట్టుకోలేవులే."

సమాధానం మరకు నార చుడుతూ ఉండిపోయాడు. చుట్టిన నార ఊడిపోయింది. మళ్ళీ చుట్టాడు.

గొట్టం బీడు నడిమికి చేరిన రోజున మాల్యాద్రి వచ్చాడు. ఊళ్ళో అందరికంటే పెద్ద మంద ఆయనదే.

"ఇంతటితో ఆపేయండి ఓవర్సీరుగారూ. తొట్టి మా గడ్డి వామిదొడ్డి పక్కన కట్టండి."

సమాధానం చేతిలో పానా ఆగిపోయింది. అతని పేట ఉన్నది బీడుకు అవతలి కొసన. ఇక్కడ ఆగిందంటే ఇన్నాళ్ళ ఆశా ఇక్కడే ఆగినట్టు.

"మధ్యాహ్నమయ్యేసరికి మీ మందంతా ఆ తూర్పు మూల తాటిచెట్ల నీడకు చేరుతున్నదండీ. దాహమేసేదీ అప్పుడే. తొట్టి అక్కడుంటేనే మంచిది" అన్నాడు విజయభాస్కర్.

మాల్యాద్రి తాటిచెట్ల వైపు చూశాడు. ఆ వెనకనే ఉన్న పేట గుడిసెల వైపు చూశాడు. తర్వాత సమాధానం వైపు తిరిగాడు.

"ఏరా, గొడ్ల కోసరమే గదా?"

"గొడ్ల కోసరమే అయ్యా."

"నోరులేనివాటి నీళ్ళకు నేను అడ్డం చెప్పకూడదు. కానీండి."

ఆయన కనుమరుగు కాగానే సమాధానం మళ్ళీ పానా తిప్పాడు. ఆ తర్వాత ఇంకెవరైనా వచ్చి ఏమైనా అంటారేమోనని చూపంతా ఊరి దారి మీదే.

తూర్పు మూల తొట్టి లేచింది. గొట్టం చివరను సమాధానం తొట్టికి బాగా పైన, నడుమెత్తున నిలబెట్టాడు.

"అంత ఎత్తెందుకు?" అన్నాడు ఓవర్సీరు.

"కిందుంటే కొమ్ము తగిలి మర వదులైపోతాది సార్."

ఓవర్సీరుకు సబబుగానే తోచింది.

నీళ్ళు వదిలే రోజున మాల్యాద్రి మందను తోలుకొని వచ్చి నిలబడ్డాడు. దిబ్బ మీద ఇంజను డబడబలాడింది. వెంకయ్య ట్యాంకు మర తిప్పాడు. గొట్టం చివర నుంచి గాలి బుస్సుమన్నది. అంతే. చుక్క రాలేదు.

"ఇంత దూరమెందుకని ఆనాడే చెప్పినా. మధ్యలో ఆపేస్తే వచ్చుండేవి" అన్నాడు మాల్యాద్రి.

సమాధానం పరుగెత్తాడు. గొట్టం వెంబడే వంగి, ఆగి, ఇసుక మీద పడుకొని ఇనుముకు చెవి ఆనించి, లేచి మళ్ళీ పరుగెత్తాడు. కాలిన ఇనుముకు చెంప చురుక్కుమన్నా తెలియలేదు. వామిదొడ్డి దాటాక ఒకచోట ఇసుక తడిసి ఉంది. ఎవరి బండి చక్రమో ఎక్కి అతుకు జారింది. పళ్ళు బిగబట్టి పానా తిప్పాడు. అరచేతుల్లో బొబ్బలు పగిలాయి. తడి ఆగింది.

తిరిగి వచ్చేసరికి గొట్టం దగ్గింది. తుప్పునీళ్ళు ఎర్రగా పడ్డాయి. ఆ తర్వాత తెల్లటి ధార. ఓవర్సీరు దోసిలి పట్టి తాగి, "ఏం తీపయ్యా" అన్నాడు.

మాల్యాద్రి మంద కడుపారా తాగింది. పొద్దు వాలకముందే ఊరివైపు మళ్ళింది. ఆయన కూడా తృప్తిగా తల ఊపి వాటి వెంట వెళ్ళిపోయాడు.

ఓవర్సీరు సైకిలెక్కుతూ, "ఇంకెందుకు ఆలస్యం? మీ పేటవాళ్ళను కూడా గొడ్లు తోలుకురమ్మను" అన్నాడు.

అతని సైకిలు సరుగుడు తోట మలుపు తిరిగేదాకా సమాధానం తొట్టి చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. అప్పుడు పేట వైపు తిరిగి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకొని ఎలిశబెతును కేక వేశాడు.

ఊరి బావిని ముట్టనివ్వని ఆ పేటలో ఒక్క ఇంటికీ గొడ్డన్నది లేదు, కడవలు పట్టుకొని మనుషులే పరుగెత్తుకొచ్చారు.