మణి పుట్టిన కథ

"పాము కరిసిందమ్మా! ఆటో తియ్యి, మదనపల్లె ఆస్పత్రికి పోదాం!" నాగమణితో విషం దించే చెంగల్రాయుడు కాటు పడిన కాలు పట్టుకుని తన ఇంటి ముందున్న ఆటో దగ్గరికి కుంటుతూ వచ్చాడు.

ఆటో నడిపే వసంతమ్మ తొందరపడలేదు. అతని మెడలోని మణిని తెంపి కాటు మీద అదిమింది.

"ఇది యాడ పుట్టిందో సెప్పప్పా."

"ఇప్పుడా?"

"పాము కరిసిన నా కొడుకును ఆస్పత్రికి పోనీకుండా కూసోబెట్టి సెప్పినావే, ఆ కతే."

"బిడ్డ సచ్చిపోతే నాగరాజు ఏడ్సినాడు. ఆ కన్నీరే మణి అయింది... పానం పోతాండాది తల్లీ!"

"మణి ఉండాది గదా, ఆస్పత్రి యాల?"

వైద్యానికి వచ్చిన జనమంతా చూస్తున్నారు.

"అది వట్టి గాజురాయి తల్లీ! పలమనేరు సంతలో కొన్నా!"

వసంతమ్మ ఆటో స్టార్ట్ చేసింది.

"ఎక్కు. నువ్వు సావకూడదు. ఈ కత ఇంటింటికీ పోయి నువ్వే సెప్పాల. మొదట నా బిడ్డ ఫొటో ముందర."