చారల రొయ్య

ఉప్పునీళ్ల తొట్టి అడుగున చారల రొయ్య వెల్లకిలా పడి ఉంది. అద్దం మీద కొట్టినా కదల్లేదు. నా పైప్రాణాలు పైనే పోయాయి.

ఈ ఇంటి ఆంటీ ఆ తొట్టిని నెలల తరబడి కూర్చుకుంటూ వచ్చింది. ముందు ఉప్పునీళ్లు, తర్వాత సముద్రపు రాళ్లు, ఆ తర్వాత నత్తలు. "తొందరపడితే ఒక్కటీ బతకదే" అనేది. రొయ్య వచ్చి మూడు వారాలే అయింది.

నిన్న తొట్టిలో నీళ్లు తగ్గితే, ఆంటీ క్యానులో ఉంచే ఫిల్టరు నీళ్లు పొయ్యకుండా చెంబుడు కుళాయి నీళ్లు పోసేశాను. ఎవరికీ చెప్పలేదు.

ఆంటీ స్నానం చేసి వచ్చేసరికి, నా గౌన్లు సంచిలో కుక్కుకుని, చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాను.

"రొయ్య చచ్చిపోయింది ఆంటీ. కుళాయి నీళ్లు పోసి నేనే చంపేశా."

ఆంటీ గబగబా తొట్టిలో చెయ్యి పెట్టి, రొయ్యను తీసి నా అరచేతిలో పెట్టింది. లోపలంతా డొల్ల.

"ఇది పెంకేనే, పిచ్చిమొహమా! ఒళ్లు పెరిగితే పాతది విడిచేస్తుంది. అదిగో, రాయి వెనక మీసాలు! కొత్త పెంకు గట్టిపడేదాకా దానికి భయం, బయటికి రాదు. చెంబుడు నీళ్లకేం కాదులే, ఈసారి అడిగి పొయ్యి. ఇంతకీ ఆ సంచేంటి?"

"నన్ను ముందు పెంచుకున్న రెండిళ్లలోనూ, తప్పు చేస్తే సంచి సర్దుకోమన్నారు."

ఆంటీ నా గౌన్లు ఒక్కొక్కటే తీసి బీరువాలో పెట్టింది. ఖాళీ సంచినీ, ఆ పెంకునూ కలిపి చెత్తబుట్టలో పడేసింది.