ఓడ ముక్క

అన్న పైడిబాబు పనిచేసిన నేవీ ఓడకు మోడల్ చేస్తున్నాను. రంగు దగ్గరే ఆగిపోయింది. ఒక్కో ఫొటోలో ఒక్కో బూడిదరంగు.

చివరికి, ఓడను విరగ్గొట్టిన యార్డు నుంచి అరచేతంత ఇనుప ముక్క, పాత రంగుతో సహా పార్సిల్లో వచ్చింది.

నేను డ్యూటీ దిగి కద్మా కాలనీలో మా ఇంటికొచ్చేసరికి అది ఎర్రగా ఆరుతోంది. నాన్న ప్లాంటులో పెయింటరుగా రిటైరయ్యాడు.

"పెచ్చులు లెగిసిపోనాది. గీకీసి రెడ్ ఆక్సైడ్ కొట్టినాను. పైడిగాడి ఓడ ముక్కరా, తుప్పట్టనిత్తామేటి?" అన్నాడు.

గీకిన పొడి కోసం చూశాను. వాకిలి కడిగేశాడు.

"బాగుంది నాన్నా."

చనిపోయే ముందు వారం అన్న ఫోన్ చేశాడు. "ఓడకి రంగు కొడతన్నానురా. నానూ నాన్నలాగే పెయింటర్నైపోనాను" అని నవ్వాడు.

తర్వాత ఆ ఓడకు మరో కోటు రంగు పడలేదు.

ఆ మాట నాన్నకు ఇంక చెప్పలేను.