తోళ్ళ ముసలాడు

దొరసాని కింది పెదవి జారిపోయి ఉంది.

పొద్దున్నే దాణా పెట్టబోయిన మొండోడు అది చూసి నవ్వాడు.

"ఏమే, అలిగావా?"

గుర్రబ్బళ్ళ అడ్డాలో అతన్ని అందరూ మొండోడనే పిలుస్తారు. అతనికున్నది ఆ ఒక్క ఆడగుర్రమే. "పెళ్ళాన్నేమో ఒసే అంటాడు, గుర్రాన్ని దొరసానీ అంటాడు" అని అతని భార్య పదిమందికీ చెప్పి నవ్వేది.

దొరసాని అలగలేదు. దాణా నోట్లో పెట్టుకుంది గానీ నమలడం మరిచిపోయినట్టు నిలబడింది.

బయటికి నడిపిస్తే వెనక కాళ్ళు తడబడ్డాయి. తాగినవాడిలా తూలి గోడకి ఒరిగింది.

పక్క కొట్టం బక్కాయన గడ్డిపరక నములుతూ వచ్చి చూశాడు.

"నా ముందటి గుర్రానికీ ఇలాగే మొదలైందిరా."

"నోరు కడుక్కో."

"నేనేమన్నా శాపం పెట్టానా? పోయిన వానల్లో నువ్వూ చూశావుగా. పడింది, లేవలేదు. తోళ్ళ ముసలాడికి ఇచ్చేశాను."

"నువ్విచ్చావు. నేనివ్వను."

తోళ్ళ ముసలాడి పేరెవరికీ తెలీదు. ఊరి చివర తోళ్ళు శుభ్రం చేసే కార్ఖానాలు దాటి ఎక్కడో ఉంటాడు. గుర్రం పడిందని తెలిస్తే చాలు, ఎత్తు తక్కువ ఎద్దుబండి తోలుకుని వచ్చేస్తాడు. ఎక్కువ మాట్లాడడు.

ఆ బండి కదలగానే అడ్డాలో అందరూ గోడవైపు తిరుగుతారు. దాని వెంట చూస్తే మిగతా గుర్రాలకి కీడని వాళ్ళ నమ్మకం. అది ఎటు పోతుందో ఒక్కరూ చూసిన పాపాన పోలేదు. చూడక్కర్లేదనుకున్నారు.

ఊరికి కొత్తగా వచ్చిన పశువుల డాక్టరమ్మ దొరసాని కళ్ళు, కాళ్ళు పరీక్షించింది.

"దోమలు తెచ్చే జ్వరం. మెదడుకెక్కింది. దీన్ని తగ్గించే మందు లేదు."

"పక్క గుర్రాలకి అంటుతుందామ్మా?"

"దీన్నుంచి అంటదు. దోమే కుట్టాలి. ముందు ఆ తొట్లలో నిలవ నీళ్ళు పారబోయండి."

"బతుకుతుందా?"

డాక్టరమ్మ దొరసాని మెడ నిమిరింది.

"నిలబడి ఉన్నంతకాలం ఆశ ఉంది. పడిందంటే దాని బరువే దాన్ని చంపేస్తుంది. పొట్టకింద పట్టీలేసి, పైనుంచి లాగి నిలబెట్టి, ఓ మనిషి పక్కనే పడుంటే కొన్ని కోలుకుంటాయి. అలాంటి చోటు ఈ చుట్టుపక్కల ఉన్నట్టు నాకు తెలీదు."

మొండోడు ఓ పక్కా, భార్య ఓ పక్కా దొరసాని పడిపోకుండా దన్నుగా నిలబడ్డారు.

మర్నాడు మధ్యాహ్నానికి దొరసాని కూలబడింది. బక్కాయన కూడా ఓ చెయ్యి వేశాడు. ముగ్గురూ కలిసి ఎత్తితే తల లేచింది, ఒళ్ళు లేవలేదు. పడుకున్నచోటే ఈదుతున్నట్టు కాళ్ళాడిస్తోంది.

గుమ్మంలో ఎద్దుబండి ఆగింది.

"ఇచ్చెయ్ నాయనా," అన్నాడు ముసలాడు.

"పో."

"ఆలస్యం చెయ్యకు. ఇంకా ప్రాణం గట్టిగానే ఉంది."

"ఉంటే? బతికుండగానే ఒలుస్తావా?"

"అది కాదు, నా దగ్గర..."

"నీ దగ్గరేముందో నాకు తెలుసు. కత్తి ఉంది. ఇంకొక్క మాటంటే నీ తోలు తీస్తా!"

ముసలాడు బక్కాయన వైపు చూశాడు. బక్కాయన అప్పటికే గోడవైపు తిరిగిపోయాడు.

"పోనీ ఇచ్చేద్దామయ్యా," అంది భార్య. "దాని అవస్థ చూడలేకపోతున్నా."

"నువ్వూ అదే మాటా! ఇన్నాళ్ళూ దాని కాళ్ళ మీద బతికామే. ఎవడో దాని తోలుతో చెప్పులు కుట్టించుకుని నా ముందే తిరగాలా? పోతే నా ఒళ్ళోనే పోతుంది."

ముసలాడు ఇంకాసేపు నిలబడి బండి తిప్పుకున్నాడు.

మొండోడే పరుగెత్తి డాక్టరమ్మని తీసుకొచ్చాడు. దొరసాని తల ఒళ్ళో పెట్టుకున్నాడు. దాని అవస్థ ముగించే సూది దిగుతుంటే వంగి, "దొరసానీ" అన్నాడు.

చెవి ఒకసారి కదిలింది. అంతే.

పాతిపెట్టడానికి ఊళ్ళో చోటు లేదు. మర్నాడు మొండోడు బక్కాయన బండి అడిగి తీసుకుని, కార్ఖానాల అవతల బీడుకి తనే తీసుకెళ్ళాడు.

గొయ్యి పూడ్చి తలెత్తితే, బీడు చివర రేకుల షెడ్డు కనిపించింది. ముందర ఆ ఎద్దుబండి. మొండోడి ఒళ్ళు మండిపోయింది. పార పట్టుకునే వెళ్ళాడు.

వాకిట్లో ఓ ముసలమ్మ గంజి కలుపుతోంది.

"ఏడీ నీ మొగుడు? ఎన్ని తోళ్ళు ఆరేశాడో చూస్తాను!"

"తోళ్ళా?" ముసలమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "మా దగ్గర తోళ్ళన్నీ గుర్రాల ఒంటిమీదే ఉన్నాయి బాబూ. మెల్లిగా మాట్లాడు, బెదురుతాయి."

మొండోడు మూసి ఉన్న షెడ్డు తలుపు వైపు చూశాడు.

"మరి... ఎవరితోనూ చెప్పడేం?"

"చెబితే, గుర్రం నాలుగడుగులు వేయగానే వచ్చి మళ్ళీ బండికి కట్టుకుపోతారని భయం ఆయనకి. నిన్న ఎవరికో చెప్పబోయాడట. వాడు నోరెత్తనిస్తేగా!"

పార చేతిలోంచి జారింది.

తలుపు తోసి చూస్తే, పెదవులు వంకరపోయిన గుర్రాలు వాటి కాళ్ళ మీద అవి నిలబడి గడ్డి నములుతున్నాయి, వాటి మధ్య ముసలాడు దొరసాని కోసం దూలానికి కట్టిన పట్టీలు ఒక్కొక్కటే విప్పుతున్నాడు.