ఏడు గంటల మాట

"ఆయన చివరిసారి బాగా మాట్లాడింది ఎన్నింటికమ్మా?"

గోడకున్న తెర మీద డాక్టరమ్మ అడిగింది. ఆమె ఉండేది పెద్దాసుపత్రిలో. ఈ చిన్నాసుపత్రికి పక్షవాతం కేసు వస్తే తెర మీదకొచ్చి చూస్తుంది.

మంచం మీద లేత్ మిషన్ మేస్త్రి పడున్నాడు. మూతి ఎడమకి లాగేసింది. కుడి చెయ్యి మంచం దిగి వేలాడుతోంది. భార్య ఆ చెయ్యి ఎత్తి పక్క మీద పెట్టింది. మళ్లీ జారింది. మళ్లీ పెట్టింది.

"నేను చూసేసరికి కింద పడి ఉన్నారండీ. అప్పటికి తొమ్మిదిన్నర."

"మీరు చూసిన టైము కాదమ్మా. ఎప్పటిదాకా బాగున్నారు?"

ఆమె జారిన చెయ్యి మళ్లీ పక్క మీద పెట్టింది. నర్సు దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"నాలుగున్నర గంటల్లోపయితేనే ఇంజక్షనమ్మా. గడ్డ కరిగితే మనిషి లేస్తాడు. టైము తెలీకపోతే ఇవ్వరు. ఆలస్యమయ్యాక ఇస్తే తలలో నెత్తురు చిమ్మొచ్చు."

"ఇవ్వకపోతే?"

నర్సు మంచం వైపు చూసింది. "ఎక్కువమంది ఇలాగే ఉండిపోతారు."

భార్య గోడ గడియారం చూసింది. పదీ నలభై.

"ఏడింటికి," అంది. "పొద్దున ఏడింటికి నాతో మాట్లాడారు."

"ఏమన్నారు?"

"ఏమంటారు! టీ చల్లారిందన్నారు. నీ చేతిలో పడితే నిప్పయినా చల్లారుతుందన్నారు. మీ నోరుందిగా, వేడి చేసుకోండి అన్నాన్నేను."

నర్సు నవ్వాపుకోలేకపోయింది. "పొద్దున్నే మొదలెట్టేశారా?"

"రోజూ ఇంతేనమ్మా. నేనొకటంటే ఆయన రెండంటారు. నోరు మూతపడదు."

"మాట ముద్దగా లేదు కదా?" డాక్టరమ్మ అడిగింది.

"ఖంగుమందండీ. పక్క వాటాకి వినపడేట్టు."

"పక్క వాటాలో ఎవరుంటారు?"

తలుపు దగ్గర నిలబడ్డ మరిది తలెత్తాడు. "నేనేనండీ. తమ్ముణ్ణి."

"మీకు వినిపించిందా?"

అతను వదిన వంక చూశాడు. ఆమె రెప్ప వాల్చలేదు. అన్న మూతి పక్కన కారుతున్న చొంగ చూశాడు.

"వదిన చెప్పాక ఇంకేముందండీ."

"విన్నారా, లేదా?"

"విన్నానండీ."

డాక్టరమ్మ తలకి తీసిన స్కాను మరోసారి చూసింది. "లోపల నెత్తురు చిమ్మలేదు. ఏడంటే ఇంకా యాభై నిమిషాలుంది. ప్రమాదం ఉందని తెలిసే ఒప్పుకుంటున్నారా అమ్మా?"

"ఒప్పుకుంటున్నాను. తొందరగా ఇవ్వండి తల్లీ, మీకు దణ్ణం పెడతాను."

సంతకం మూడు వంకర్లు పోయింది. నర్సు సూది గుచ్చింది. మందు సన్నటి గొట్టంలోంచి దిగసాగింది. మేస్త్రి కళ్లు తెరిచే ఉన్నాయి. కళ్లు భార్య మీదే ఉన్నాయి.

"ఇక చూడ్డమే," అంది నర్సు. "ఊరికే కూర్చోకండమ్మా. పలకరిస్తూ ఉండండి. రోజూ ఎలా పిలుస్తారో అలా పిలవండి."

ఆమె వంగింది. ఆయన చెవి దగ్గర నోరు తెరిచింది. మాట రాలేదు.

మరిది మొహం తిప్పేసుకున్నాడు.

ఆ మొగుడూ పెళ్లాలు మాట్లాడుకుని ఆరేళ్లయింది.